అరవైనాలుగు దర్వాజలు

పనిలేని పెట్టె వేడెక్కదు. ఈ ముక్క ఏ కాలేజీలోనూ చెప్పరు. జనగామ బస్టాండు ఎదుట పద్దెనిమిదేళ్లుగా సెల్‌ఫోన్లు విప్పి, బిగించి, వేళ్లు కాల్చుకున్న బూర సుగుణకు మాత్రం ఎవరూ చెప్పకుండానే తెలుసు. ఊరికే పడి ఉన్న ఫోను వేడెక్కిందంటే లోపల దానితో ఎవరో పని చేయిస్తున్నట్టే. తెర మీద ఏం రాసి ఉన్నా సరే, ఆమె చేతికి తగిలిన వేడినే నమ్ముతుంది.

ఆ సోమవారం పొద్దున మంచం మీద బోర్లా పడుకున్న భర్త కనకయ్య కుడి మడమ పుండును ఉప్పునీళ్లతో కడుగుతోంది. గుడ్డ అందుకోబోయి పైకి వంగితే మోచెయ్యి అతని బెల్టుకున్న పెట్టెకు తగిలింది. సబ్బుబిళ్ల కంటే కాస్త పెద్దది. చుర్రుమంది.

"ఏందయ్యా, నీ పెట్టె గిట్ల కాలుతున్నది?"

"నన్నడుగుతవేందే? నా కాళ్లు పొయ్యిల పెట్టినా నాకు తెల్వదాయె. ఇగ పెట్టె సంగతి నాకేమెరుక?"

"నీకు నోరొక్కటే మిగిలింది."

"అదన్న మిగిలినందుకు సంతోషపడు."

సుగుణ గుడ్డ పక్కన పెట్టింది. పెట్టె మీద అరచెయ్యి ఆనించి యాభై లెక్కపెట్టింది. వేడి కొంత దిగింది. మళ్లీ తడిగుడ్డ పుండుకు తాకించింది. వేడి ఎక్కింది. తీసింది, దిగింది. మూడుసార్లు చూసింది. ఫోను తీసి పెట్టె పంపే రిపోర్టు తెరిచింది. బ్యాటరీ బాగుంది. సిగ్నలు బాగుంది. దాని కింద గడిలో ఎప్పటి మాటే ఉంది: అంతరాయాలు, సున్నా.

ఆ సున్నాయే వాళ్ల కొంప ముంచుతోంది.

మూడేళ్ల కింద కనకయ్య నలభై అడుగుల తాటిచెట్టు మీంచి పడ్డాడు. చెట్టెక్కే మోకు తెగింది, వెన్ను విరిగింది, నడుము కింద మనిషి మాయమైపోయాడు. గీత కార్మికుడు చెట్టు మీంచి పడితే పేపర్లో రెండు లైన్లు వస్తాయి, తర్వాత అందరూ మరిచిపోతారు. ఇతన్ని మాత్రం హనుమకొండలో కొత్తగా పెట్టిన వెన్నువారధి కేంద్రం వాళ్లు పిలిచారు. విరిగిన చోటికి కింద ఒక చిప్పు, పైన ఒక చిప్పు, నడిమధ్య నడుముకు పెట్టె, మూడూ కలిపి వారధి. కింద ఉన్న చిప్పులోని సన్నటి పోగులు కాళ్ల నరాల్ని పట్టుకుని ఉంటాయి. నరం కదిలితే చిప్పు పెట్టెను తడుతుంది. 'నీ పని ఆపు, ఇటు చూడు' అన్నట్టు. ఆ తట్టడాన్నే ఇంజనీర్లు అంతరాయం అంటారు. పెట్టె ఆ తట్టును గాలిలోంచి పైచిప్పుకు అందిస్తే మెదడుకు కాలు తెలుస్తుంది. ముందు స్పర్శ వస్తుంది, ఆ తర్వాత నడక. కేంద్రం చెప్పిన మాట అది.

పది నెలలైంది. ఏదీ రాలేదు. పైగా ఐదు వారాల కింద మడమకు పుండు లేచింది. ఎక్స్‌రే తీశారు, మందులు మార్చారు, మానలేదు. పోయిన శనివారం కాగితం వచ్చింది. గురువారం వారధి తీసేస్తారు. పుండు ఎముకకు పట్టకముందే మోకాలి కింద కాలు కూడా తీసేస్తారు. 'నరాల నుంచి స్పందన లేనందున' అని రాసి, కింద డాక్టర్ కోదండపాణి సంతకం.

"కాలు సచ్చినదని రాసిన్రు," అంది సుగుణ, పెట్టె మీంచి చెయ్యి తీయకుండా. "సచ్చిన కాలు గింత పని చెప్తదా?"

*

హనుమకొండ బస్సులో నిలబడే పోయింది. డాక్టర్ కోదండపాణి ఆమెను బయట కూర్చోబెట్టలేదు. అంతవరకు మంచివాడే. తెనాలి మనిషి. యాభై దాటినా జుట్టు చెదరదు.

"చూడమ్మా, నేనూ ఆశపడ్డాను. పది నెలలుగా వారం వారం ఈ గడే చూస్తున్నాను. సున్నా తప్ప ఏమీ లేదు. లేని నరాన్ని నేను తెప్పించలేను కదా."

"పెట్టె కాలుతున్నది సారూ."

"బ్యాటరీ పాతబడితే అలా అవుతుందమ్మా."

"బ్యాటరీ వేడి నాకెరుక లేదా? గది మెల్లగ ఎక్కుతది, మెల్లగ దిగుతది. గిది పుండు ముట్టంగనే ఎక్కుతున్నది, ఇడువంగనే దిగుతున్నది. మీరే చెయ్యి పెట్టి చూడుండ్రి."

"మీరు ఫోన్లు బాగుచేస్తారని విన్నాను. మంచి పనే. కానీ ఇది మనిషి వెన్నండీ."

"గందుకే అడుగుతున్న. ఫోను తప్పు చెప్తే ఇంకో ఫోను కొనుక్కుంటరు. కాలు యాడ కొనుక్కోవాలె?"

డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మూలన బల్ల దగ్గర కూర్చున్న ఓ అమ్మాయి మాత్రం కంప్యూటర్ మీంచి తల ఎత్తి, 'ఈ గడే చూస్తున్నాను' అన్న మాట దగ్గర్నుంచి డాక్టరు ముఖంలోకే చూస్తూ ఉండిపోయింది. సుగుణ లేచి మెట్లు దిగుతుంటే వెనక నుంచి చెప్పుల చప్పుడు వినపడింది.

"అక్కా, జర ఆగు. నా పేరు నస్రీన్. పెట్టెల ఉన్న డ్రైవర్ రాసింది నేనే."

డ్రైవర్ అంటే సుగుణకు చెప్పనక్కర్లేదు. యంత్రానికీ మనిషికీ మధ్య కూర్చుని, లోపల ఏం జరుగుతోందో బయటికి చెప్పే ప్రోగ్రాం. రోజూ చచ్చిన ఫోన్లలో దాన్ని చంపి, మళ్లీ బతికించే మనిషే ఆమె.

"ఓహో, నువ్వేనా బిడ్డా గా సున్నా పెట్టిన మహాతల్లివి?"

"నేనే." నస్రీన్ మెట్ల మీదే కూలబడింది. "అక్కా, పాత పెట్టెల ఒకటే దర్వాజ ఉండేది. ఏ నరం తట్టినా గదే దర్వాజ. రిపోర్టుల ఒక గడి సరిపోయేది. గీ కొత్త పెట్టెల అరవైనాలుగు దర్వాజలు. నరానికొకటి. ఒక్క గడిల అరవైనాలుగు అంకెలు ఎట్ల రాయాలె? రిపోర్టు ఫారం మార్చొద్దన్నరు. అందుకే ఆ గడిల సున్నా పెట్టిన. ఇక్కడ చెప్పలేను, వేరే కాడ చూసుకోండి అని దాని అర్థం."

"గా అర్థం సారుకు తెలుసా?"

"నోట్ రాసిన."

"యాడ?"

"...నలభై రెండో పేజీల."

సుగుణ చెయ్యి లేచింది. లేచిన చేతిని తానే కిందికి దించుకుని కొంగు బిగించింది. చదువుకున్నవాళ్ల సంగతి ఇంతే. ఒకరు రాయలేక సున్నా పెడతారు, ఇంకొకరు ఆ సున్నాను చూసి కత్తి తీస్తారు. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని టీ తాగుతారు.

"సరే, నరం దర్వాజ తట్టుతున్నది గదా. మరి నా మొగనికి ఎందుకు తెలుస్తలేదు?"

నస్రీన్ గొంతు తగ్గింది. "అదింకోటి. సెకనుకు ఐదు తట్ల కన్నా ఎక్కువొస్తే మొత్తం పారేయమని సారు రాయించిండు. కొత్తగా లేచిన నరం ఐదుతోని ఆగదక్కా, వందలు వందలు మొత్తుకుంటది. పెట్టె లేస్తది, చూస్తది, పారేస్తది. మళ్ల లేస్తది. గందుకే వేడి. ఎందుకు రాయించిండో సారే చెప్పాలె. మనసుల పెట్టుకున్నడు, నేను అనలేను."

"నాకు గా అంకెలు కావాలె."

"ఇయ్యనీకి నాకు పర్మిషన్ లేదు. కానీ..." ఆ పిల్ల వెనక్కి చూసి, సుగుణ చేతిలోని కాగితం తీసుకుని వెనక ఒక్క వరుస రాసింది. "నా డ్రైవర్‌ను అడగకు. పెట్టెను అడుగు. డ్రైవర్ చెప్పినా చెప్పకున్నా, ఏ దర్వాజ ఎన్నిసార్లు తట్టిన్రో పెట్టె తన మటుకు తను రాసుకుంటది. దాన్ని నేను గూడ ఆపలేను. గిట్ల అడిగితే చూపిస్తది."

*

మంగళవారం దుకాణం షట్టరు సగమే లేపింది. కనకయ్యను చక్రాల కుర్చీలో లోపలికి తోసి, పెట్టె ఛార్జింగు రంధ్రంలో తీగ గుచ్చి, పాత ల్యాప్‌టాప్‌కు కలిపి, నస్రీన్ రాసిచ్చిన వరుస కొట్టింది.

తెర నిండా అంకెలు దిగాయి. ఒకటి నుంచి అరవైనాలుగు దాకా వరుసలు. కొన్ని కదలకుండా ఉన్నాయి. చాలా వరుసలు పుట్టలోంచి చీమలు వచ్చినట్టు కదులుతున్నాయి. ముప్పై ఎనిమిదో వరుస అయితే కంటికి ఆనడం లేదు, అంత జోరుగా ఎక్కుతోంది.

సుగుణ స్క్రూడ్రైవర్ పిడితో అతని ఎడమ అరికాలిని పొడిచింది.

"ఏందే గట్ల పొడుస్తవు? స్క్రూ బిగిస్తున్నవా?" అన్నాడు కనకయ్య. "గా మూల సంచిల కల్లు గెల కొట్టే కర్ర ఉంటది తియ్యి. గెలను గట్టిగ కొడితే పగుల్తది, మెత్తగ కొడితే మొద్దు నిద్ర పోతది. చెయ్యి వదులుగ పట్టి, మణికట్టుతోని కొట్టు. ఆఁ, గట్ల."

ఆమె కొట్టింది. నలభై ఒకటో వరుస ఒక్కసారిగా మూడొందలు ఎగిరి ఆగింది.

కనకయ్య నవ్వు ఆగిపోయింది. "ల్యాప్‌టాప్ నా దిక్కు తిప్పు. నా కండ్లకు కాళ్లు కనపడకుంట గా అట్ట అడ్డం పెట్టు. నీ ఇష్టమొచ్చినన్ని కొట్టు, చెప్పకు."

ఆమె అట్టకు అవతల కొట్టింది. ఆపింది. మళ్లీ కొట్టింది.

"ఏడు," అన్నాడు.

"ఏడే."

"మళ్ల కొట్టు... నాలుగు. ఇప్పుడు కొట్టలేదు, ఊకె కూసున్నవు. ఇగో, ఇప్పుడు రెండు."

ఒక్కటీ తప్పలేదు. కనకయ్య చాలాసేపు ముప్పై ఎనిమిదో వరుసనే చూశాడు. అది ఎవరూ కొట్టకుండానే పరుగెత్తుతోంది.

"గిదేం దర్వాజనే?"

సుగుణ మడమ కట్టును వేలితో తాకింది, అంకె ఇంకా ఎగిరింది. "పుండున్న మడమ."

"పది నెలల సంది నా కాలు మొత్తుకుంటనే ఉన్నదా సుగుణా? నేను సచ్చిందనుకుని దాని మొకం గూడ చూడకపోతి." చొక్కా చేతితో కళ్లు తుడుచుకుని, వెంటనే గొంతు పెంచాడు. "మిగిలినోళ్ల పెట్టెలు గూడ గిట్లనే కాలుతున్నయో ఏమో, అడిగినవా? వారధి పెట్టించుకున్నోళ్లం పదకొండు మందిమి కదనే!"

అడగలేదు. ఆ మధ్యాహ్నం నుంచి బుధవారం సాయంత్రం దాకా సుగుణ ఫోను చెవి దిగలేదు. ఆమె అందరినీ ఒక్కటే అడిగింది: పెట్టె మీద చెయ్యి పెట్టి చూడుండ్రి. అందరి జవాబూ ఒక్కటే: కాలుతున్నది.

*

గురువారం పదింటికి వెన్నువారధి కేంద్రం వరండాలో నడిచే దారి లేకుండా చక్రాల కుర్చీలు నిండిపోయాయి. పది మంది వచ్చారు. కనకయ్యతో పదకొండు. అందరికంటే ముందు ఈదమ్మ, సెంట్రింగు కర్రల మీంచి మూడో అంతస్తు నుంచి పడ్డ కూలీ. కుర్చీని సరిగ్గా ఆపరేషన్ గది తలుపుకు అడ్డంగా పెట్టి బ్రేకు వేసింది.

"అమ్మా, దారి వదలండి," అన్నాడు వార్డు మనిషి.

"నన్ను లేపి పక్కకు పెట్టు నాయనా. లేపు మరి. నేనైతే లేవలేను గదా."

వరండా అంతా నవ్వు. ఆ నవ్వుకే కోదండపాణి బయటికి వచ్చాడు. సుగుణ అప్పటికే ల్యాప్‌టాప్ తెరిచి నేల మీద కూర్చుని ఉంది. తీగ ఈదమ్మ పెట్టెలో ఉంది.

"ఏం జరుగుతోందిక్కడ?"

"సర్వే జరుగుతున్నది సారూ. మీరు పది నెలలల్ల చెయ్యంది మేం రెండు రోజుల్ల చేస్తున్నం. రాండ్రి, కూసోండ్రి. ఈదమ్మా, నీ కాలు మీద కర్రతోని కొడుతున్న, చూస్తుండు. సారూ, మీరు తెర చూడుండ్రి."

కొట్టింది. పద్దెనిమిదో వరుస ఎగిరింది. కోదండపాణి ముందుకు వంగాడు. సుగుణ తీగ పీకి పక్క కుర్చీకి గుచ్చింది. కొట్టింది. ఎగిరింది. మూడో పెట్టె, నాలుగో పెట్టె. ఐదో పెట్టె దగ్గర డాక్టరే ఆమె చేతిలోంచి కర్ర తీసుకున్నాడు. తానే మోకాళ్ల మీద కూర్చుని రోగి కాలి మీద కొట్టి, తల తిప్పి తెర చూశాడు. మళ్లీ కొట్టాడు. జుట్టు చెదిరి నుదుటి మీద పడింది.

"నస్రీన్! రిపోర్టులో ఆ గడి... సున్నా అని ఉంటుందే..."

గుమ్మంలో నిలబడ్డ నస్రీన్ అందుకుంది. "సార్, సున్నా అంటే ఏం లేదని కాదు సార్. అక్కడ చెప్పలేనని. నోట్ల రాసిన. మీరు ఆ గడి చూసి వారధి తీసేస్తున్నరని సోమవారం దాకా నాకు తెల్వదు. తెలిసినంక చెప్పనీకి భయమైంది."

కోదండపాణి నేల మీద అలాగే ఉండిపోయాడు.

"ఫిబ్రవరిలో ఇద్దరికి వారధి తీసేశాను," అన్నాడు చివరికి. ఎవరితోనో కాదు, చేతిలో ఉన్న కర్రతో అన్నట్టు.

ఎవరో తిట్టు అందుకోబోయారు. కనకయ్య చెయ్యెత్తి ఆపాడు. "ఆ ఇద్దరి లెక్క మనం ఇడిచిపెట్టం. సారు గూడ ఇడిచిపెట్టడు, మొకం చూస్తే తెలుస్తలేదా? కానీ ఇయ్యాల నా కాలు సంగతి తేలాలె. సారూ, గా ఐదు తట్లు దాటితే పారేసే మూత తీయిండ్రి. నా కాలు నాతోని మాట్లాడనీయిండ్రి."

"తీయను," అన్నాడు కోదండపాణి. లేచి నిలబడ్డాడు. "మీకు తెలియదు. మొట్టమొదట ఈ వారధి పెట్టింది ఓదెలు అనే బావులు తవ్వే మనిషికి. మూతలేవీ పెట్టలేదు. స్విచ్ వేసిన నిమిషంలో కాళ్లు వచ్చేశాయి. మేం చప్పట్లు కొట్టాం. ఆయన అరుస్తున్నాడు, మేం సంతోషంతో అనుకున్నాం. సంవత్సరాల తరబడి మూగబోయిన నరాలన్నీ ఒకేసారి అరిస్తే ఎలా ఉంటుందో మనకు తెలియదు. అప్పట్లో పెట్టె నుంచి వెన్నులోకి తీగలుండేవి. మూడో రోజు ఇంటి దగ్గర పట్టకారుతో వాటిని పీక్కున్నాడు. వెన్ను లోపల రక్తం పోయి చనిపోయాడు. ఆయన భార్య నన్నొక్క మాట కూడా అనలేదు. అందుకే మూత పెట్టించాను. ఇంకొకరిని చంపలేను."

సుగుణకు ఇప్పుడు అర్థమైంది. ఆయన దాచింది దుర్మార్గంతో కాదు, భయంతో. కానీ ఆ భయం ఆయనది, నొప్పి వీళ్లది. ఆయన భయానికి వీళ్ల కాళ్లు ఎందుకు పోవాలి?

కనకయ్య కుర్చీ చక్రం తోసుకుంటూ డాక్టరు దగ్గరికి వెళ్లాడు.

"సారూ, నేను ముప్పై ఏండ్లు కల్లు గీసిన. గెల మొదట్ల మొద్దుగుంటది. ఆశపడి ఒక్కపారి లోతుగ కోస్తే ఏమైతదో ఎరుకేనా? గెల సస్తది. గందుకే రోజూ పల్చటి చీరిక తీస్తం. కాగితమంత మందం. పొద్దుకొక్కటి, మాపుకొక్కటి. అప్పుడు గది ఎన్ని నెలలైనా ఇస్తది. మీరు ఓదెలుకు ఒక్కపారి నిలువునా కోసిన్రు. మాకేమో అసలు కత్తే పెడ్తలేరు. నడిమిట్ల చీరిక అనేది ఒకటుంటది."

నస్రీన్ గుమ్మం వదిలి పరుగున వచ్చింది.

"అయితది సార్! ఐదు దాటితే మొత్తం పారేస్తున్నం. పారేయొద్దు. ఐదు పైకి పంపి మిగిలినయి పారేద్దాం. తట్టుకుంటే ఆరు. తట్టుకుంటే ఏడు. ఒక్క లైను మార్చాలె సార్, ఒక్కటే."

"ఎప్పుడు ఆపాలో ఎవరు చెప్తారు?"

"నేను చెప్త," అన్నాడు కనకయ్య. "కాలు నాది గదా."

*

పదకొండున్నరకు మొదలుపెట్టారు. ఆపరేషన్ గదిలోనే, ఆపరేషన్ బల్ల మీదే. కాలు కోయడానికి పేర్చిన కత్తుల పళ్లెం మీద ఎవరో గుడ్డ కప్పారు. నస్రీన్ కంప్యూటర్ దగ్గర, కోదండపాణి నాడి పట్టుకుని, సుగుణ భర్త తల దగ్గర. తలుపు బార్లా తెరిచి ఉంది. మూయడానికి ఈదమ్మ ఒప్పుకోలేదు.

"ఐదు."

ఏమీ లేదు. కనకయ్య కళ్లు మూసుకున్నాడు. అర నిమిషం గడిచింది.

"ఏదో దూరంగ... వానొచ్చేముందు గాలి లెక్క. ఉన్నది! ఉన్నది సుగుణా! ఇంకో చీరిక."

"పది."

"జివ్వుమంటున్నది. ఇంకోటి."

ఇరవై దగ్గర నవ్వాడు. ముప్పై దగ్గర చెమట పట్టింది. నలభై ఐదు దగ్గర గొంతు చించుకుని అరిచాడు. వరండాలో అందరూ కుర్చీల పిడులు పట్టుకున్నారు. కోదండపాణి ఆపమని చెయ్యెత్తాడు.

"ఆపద్దు!" అని అరిచాడు కనకయ్య. ఆపైన అతను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. తాటిచెట్టును తిట్టాడు, తెగిన మోకును తిట్టాడు, మోకు అమ్మిన షావుకారి ఏడు తరాలను తిట్టాడు. సుగుణ చెయ్యి నలిగిపోతోంది, వదిలించుకోలేదు. కాసేపటికి ఊపిరి కుదురుకుంది. "గీడనే ఉంచుండ్రి. జర అలవాటు కానీయిండ్రి... ఆఁ. ఇప్పుడింకో చీరిక. పల్చగ."

"యాభై."

"ఆగుండ్రి. ఆగుండ్రి." అతని ముఖం మారిపోయింది. నొప్పి ఉంది, కానీ పోయిన వస్తువు కోసం వెతికే మనిషి చూపు కూడా వచ్చింది. "సారూ, పుండు గాదు గిది. పుండు మంట వేరే ఉన్నది, పైన. దాని కింద, లోపల్నుంచి ఏదో గుచ్చుతున్నది. మడమ ఎన్క, లోపలి దిక్కు. బొటనవేలు దిక్కుగ గుచ్చుతున్నది. ఏదో ఉన్నది లోపల."

"ఎక్స్‌రేలో ఏమీ లేదే..."

"ఎక్స్‌రేకు కనపడకపోతే నేనేం చెయ్యాలె? నాకైతే కనపడుతున్నది. వేలు పెట్టుండ్రి. ఇంకా కిందికి. ఇంకా... అబ్బా! గక్కడ!"

నొప్పి తగ్గించే సూది వేస్తానన్నాడు డాక్టరు. ముట్టుకోనివ్వలేదు కనకయ్య. "సూదేస్తే దారి ఎవలు చెప్తరు మీకు?" కోదండపాణి సన్నటి పట్టకారు తీసుకున్నాడు. కనకయ్య దారి చెప్పాడు. కుడికి, లోతుగా, దాటిపోయినవు, వెనక్కి రా. మూడు నిమిషాలు పట్టింది. పట్టకారు కొసన బయటికి వచ్చింది, గోరంత ప్లాస్టిక్ పెంకు. చక్రాల కుర్చీ కాలుపలక అంచు ఎప్పుడో విరిగి లోపల దిగింది. ప్లాస్టిక్ ఎక్స్‌రేకు చిక్కలేదు. ఐదు వారాలుగా ముప్పై ఎనిమిదో దర్వాజ చెబుతోంది అదే. ఎవరూ వినలేదు.

నస్రీన్ తెర వైపు చూసి, "తగ్గుతున్నది!" అని అరిచింది. పరుగెత్తే అంకె నడకలోకి వచ్చింది, నడక నుంచి ఆగి ఆగి కదిలే దాకా వచ్చింది.

కోదండపాణి ఆ పెంకును అరచేతిలో పెట్టుకుని చూశాడు. "కాలు తీసే పని లేదు," అన్నాడు. మళ్లీ, వరండాకు వినపడేట్టు, తన జీవితంలో ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచాడు. "కాలు తీయడం లేదు!"

బయట పది కుర్చీల పిడుల మీద ఇరవై చేతులు దరువు వేశాయి. ఈదమ్మ గొంతు అన్నింటికంటే పైన వినపడింది. "తర్వాత నా నంబరే! లైను తప్పితే ఊకోను!"

*

ఆ రోజు నుంచి అంతా తేలికగా అయిపోయిందని రాస్తే అబద్ధం. ఇరవై నాలుగో దర్వాజ కనకయ్యను ఇప్పటికీ ఏడిపిస్తుంది. ఏ కారణమూ లేకుండా పిక్క మీద ఎవరో వాత పెట్టినట్టుంటుంది. దాన్ని ముప్పై దగ్గరే ఉంచుకున్నాడు. ఈదమ్మ తొంభై దాకా పోయి, రెండు దర్వాజలు మాత్రం పూర్తిగా మూయించుకుంది. "అవి నాకొద్దు. తెరిచే తాళంచెవి నా చేతిలుంటే చాలు," అంది. ఎవరూ ఆమెతో వాదించలేదు. ఫిబ్రవరిలో వారధి పోగొట్టుకున్న ఇద్దరి ఇళ్లకు కోదండపాణి స్వయంగా పోయి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఒకతను మళ్లీ పెట్టించుకున్నాడు. రెండో అతను ఇక ఈ జన్మలో తన వెన్ను మీద కత్తి ముట్టనివ్వనని తలుపు వేసుకున్నాడు. ఆ తలుపు ఇప్పటికీ తెరుచుకోలేదు.

రిపోర్టు మాత్రం మారింది. మార్చారు అనడం సరికాదు. పదకొండు మంది కూర్చుని మార్పించారు. కేంద్రం పెద్దలు, రోగులకు ఇన్ని అంకెలు చూపిస్తే కంగారు పడతారన్నారు. "మూడేండ్లు కాళ్లు లేకుంట బతికినోళ్లు, అంకెలకు కంగారు పడతరా?" అని సుగుణ అడిగింది. ఇప్పుడు ఫోనులో అరవైనాలుగు వరుసలు వస్తాయి, తెలుగులో, ఏ దర్వాజ ఏ చోటిదో పేరుతో సహా. ఎన్ని తట్లు వచ్చాయి, ఎన్ని పైకి పంపారు, ఎన్ని పారేశారు, మూడూ ఉంటాయి. పెట్టెకు తెలియనిచోట 'తెలియదు' అని రాస్తుంది. ఆ పదం కోసం నస్రీన్ వారం రోజులు పోట్లాడింది.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం సుగుణ ఎవరిదో ఫోను విప్పి కూర్చుంది. దుకాణం బయట, నీడలో, కనకయ్య కుర్చీ దిగి బల్ల మీద కూర్చుని ఉన్నాడు. చెప్పులు విడిచి రెండు పాదాలూ నేల మీద పెట్టాడు. ఎడమ పాదం వేళ్లు కొద్దికొద్దిగా కదపడం నేర్చుకుంటున్నాడు, పసిపిల్లవాడిలా నాలుక బయటపెట్టి.

ఉన్నట్టుండి కేక పెట్టాడు.

సుగుణ స్క్రూడ్రైవర్ పారేసి బయటికి ఉరికింది. పక్క టీ కొట్టు వాళ్లు లేచారు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు పరుగెత్తుకొచ్చారు. ఆమె చెయ్యి ఎప్పటిలా పెట్టె మీదికి పోయింది. "ఏమైందయ్యా? ఏ దర్వాజ? ఆపనా?"

"చీమ!" అన్నాడు కనకయ్య, కళ్ల నిండా నీళ్లతో, మొహం నిండా నవ్వుతో. "ఎర్రచీమ! చిటికెన వేలు పక్కన! చూడుండ్రి, కుట్టింది, చూడుండ్రి!"

టీ కొట్టతను దాన్ని దులపడానికి వంగబోయాడు.

"చెయ్యి తియ్యి!" అని గద్దించాడు కనకయ్య. "ఇంకోసారి కుట్టనీ."